ఫ్రేజల్ వెర్బులకు బట్టీ మందు కాదు

"ఫ్రేజల్ వెర్బులకు లాజిక్కు ఉండదు. బట్టీ పట్టడం ఒక్కటే దారి." ఇంగ్లిష్ నేర్పేవాళ్ళ నోటా, నేర్చుకునేవాళ్ళ నోటా ఇదే మాట. పోటీ పరీక్షల గైడ్లదీ ఇదే పాట. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి మండల కేంద్రంలోని జూనియర్ కాలేజీ దాకా దీన్ని నిలదీసినవాళ్ళు తక్కువ. ఈ మాట తప్పు. పదిహేనేళ్ళు ఇంగ్లిష్ చదివిన పిల్లలు నాలుగు వాక్యాలు ధీమాగా మాట్లాడలేకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి కాబట్టి, చూసీచూడనట్టు వదిలేయదగ్గ తప్పు కూడా కాదు.

ముందు ఆ వాదనను వాళ్ళు చెప్పే తీరులోనే చెబుతాను. 'గివ్' అంటే ఇవ్వడం, 'అప్' అంటే పైకి. రెండూ కలిస్తే 'పైకి ఇవ్వడం' కావాలి, కానీ 'మానేయడం' అవుతోంది. 'టర్న్' అంటే తిరగడం, 'డౌన్' అంటే కిందికి. కలిపితే 'తిరస్కరించడం' అట. విడి మాటల అర్థం తెలిసినా మొత్తం అర్థం తెలియదు కాబట్టి ఇందులో సూత్రం లేదు. సూత్రం లేదు కాబట్టి జాబితా కావాలి. జాబితాలో ఒక్కొక్క ఫ్రేజల్ వెర్బుకు ఎదురుగా ఒక తెలుగు అర్థమో, ఒకే మాటలో సరిపోయే ఇంగ్లిష్ క్రియో ఉంటుంది. జాబితా ఎంత పెద్దదైతే భాష అంత బాగా వస్తుంది. చివరగా ఒక హెచ్చరిక: ఇవన్నీ మాట్లాడటానికే, అప్లికేషన్లలోనూ ఆఫీసు ఉత్తరాల్లోనూ రాయకూడదు.

ఈ వాదన వెనక ఉన్న కష్టం నిజమే. శామ్యూల్ జాన్సన్ అంతటివాడు 1755లో అచ్చయిన తన నిఘంటువు ముందుమాటలోనే ఒప్పుకున్నాడు, క్రియ పక్కన ఒక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయి భాషలవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుందని. 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది చాలా ఆలస్యంగా. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో ఆ పేరు వాడి, అది తనకు చెప్పింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని రాశాడు. కాబట్టి కష్టం లేదని నేను అనడం లేదు. ఆ కష్టాన్ని చూపించి మనవాళ్ళు తేల్చిన నాలుగు సంగతులూ తప్పని అంటున్నాను.

1. "లాజిక్కు లేదు"

రెండు మాటల అర్థాలు కూడితే మొత్తం అర్థం రాకపోవడం వేరు, ఆ మార్పులో క్రమమే లేకపోవడం వేరు. మొదటిది చూపించి రెండోదాన్ని రుజువు చేశామనుకుంటున్నారు. ఈ వాదన కూలిపోయేది ఇక్కడే.

మన తెలుగునే తీసుకోండి. 'పడు' అంటే కింద పడటం. మరి భయపడినవాడు ఎక్కడ పడ్డాడు? నిలబడినవాడు? బయటపడటం, కుదుటపడటం, అలవాటు పడటం, ముడిపడటం, మాటపడటం, వీటిలో ఏ ఒక్కటీ విడి మాటల కూడిక కాదు. అయినా ఏ తెలుగు పిల్లకీ వీటి జాబితా ఇచ్చి అప్పజెప్పించుకోలేదు. మన వ్యాకరణంలో ఇలాంటి కూర్పులకు శబ్దపల్లవాలని పేరే ఉంది. సంస్కృతం వైపు చూస్తే ఇంకా స్పష్టం. ప్రహారం, ఆహారం, విహారం, సంహారం, పరిహారం. ధాతువు ఒక్కటే, ముందున్న ఉపసర్గ మారేసరికి ఒకటి దెబ్బ అయింది, ఒకటి తిండి అయింది, ఒకటి షికారు, ఒకటి చంపడం, మరొకటి నష్టానికి బదులు. ఉపసర్గ ధాతువు అర్థాన్ని ఎటో లాక్కుపోతుందని చెప్పడానికి పండితులు తరతరాలుగా చూపించే ఉదాహరణ ఇదే. అలాగని ఉపసర్గలకు దారీతెన్నూ లేదని వాళ్ళు చేతులెత్తేయలేదు. ఏ ఉపసర్గ ఏ వైపు లాగుతుందో విడమరిచి చెప్పారు. ఇంగ్లిష్‌లో ఆ పని చేసే చిన్న మాట క్రియ తర్వాత వస్తుంది, అంతే తేడా.

ఇప్పుడు 'అప్' సంగతి. 'ఈట్ అప్', 'డ్రింక్ అప్', 'యూజ్ అప్', 'బర్న్ అప్'. పళ్ళెంలో ఉన్నదంతా తినెయ్యి, గ్లాసులో ఉన్నదంతా తాగెయ్యి, ఉన్నదంతా వాడెయ్యి, కాగితాలన్నీ కాలిపోయాయి. 'తిను'కూ 'తినెయ్యి'కీ మధ్య ఉన్న తేడాయే 'ఈట్'కూ 'ఈట్ అప్'కూ మధ్య ఉంది. పని ఆఖరు దాకా జరిగింది, మిగిలిందేమీ లేదు. తెలుగులో ఆ పని 'వేయు', 'పోవు' చేస్తాయి, ఇంగ్లిష్‌లో 'అప్' చేస్తుంది. ఈ ఒక్క సంగతి తరగతిలో చెబితే తెలుగు పిల్లలకు పది నిమిషాల్లో ఎక్కుతుంది, ఎందుకంటే వాళ్ళు రెండేళ్ళ వయసు నుంచి చేస్తున్న పనే అది. దీన్ని చెప్పకుండా నాలుగు విడి మాటలుగా నాలుగు చోట్ల రాయించి, నాలుగుసార్లు బట్టీ పట్టిస్తున్నారు.

'అప్'కు ఇదొక్కటే అర్థం కాదు. నిజంగానే పైకి కదలడం ఉంది: 'స్టాండ్ అప్', 'పిక్ అప్'. పెరగడం ఉంది: 'స్పీడ్ అప్', 'టర్న్ అప్ ది వాల్యూమ్'. ఎక్కువ అంటే పైకి, తక్కువ అంటే కిందికి అనుకోవడం మనకూ ఉన్నదే. ధరలు పైకి పోతాయి, జ్వరం దిగుతుంది. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో రాసిన పుస్తకంలో ఈ ఊహ రోజువారీ మాటల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందో చూపించారు. మన ముందుకు వచ్చి కనపడటం ఉంది: 'షో అప్', 'టర్న్ అప్', 'కమ్ అప్'. ఈ నాలుగు దారులు తెలిసినవాడికి కొత్త 'అప్' ఎదురైతే చీకట్లో తడుముకునే అవసరం ఉండదు. ముందు ఊహిస్తాడు, తర్వాత సరిచూసుకుంటాడు. బట్టీ పట్టినవాడికి మాత్రం జాబితాలో లేనిది ఎదురైతే అక్కడితో ఆగిపోవడమే.

ఎదురు వాదన చేసేవాళ్ళకు ఇష్టమైన ఆయుధం 'అవుట్'. "దీపం ఆరిపోతే 'వెంట్ అవుట్' అంటారు, ఆకాశంలో చుక్కలు కనిపిస్తే 'కేమ్ అవుట్' అంటారు. ఒకే 'అవుట్'కు కనపడకుండా పోవడమూ కనపడటమూ రెండూ అర్థాలా, ఇదేం లాజిక్కు?" అని అడుగుతారు. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఒకటి 'వెంట్', ఇంకొకటి 'కేమ్'. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది ముఖ్యం. తన కంటి ముందున్న చోటు నుంచి బయటికి పోయిందా, మాయమైంది. దాగిన చోటు నుంచి బయటికి వచ్చిందా, బయటపడింది. 'రన్ అవుట్', 'వైప్ అవుట్', 'పుట్ అవుట్ ది ఫైర్' మొదటి జట్టు. 'ఫైండ్ అవుట్', 'పాయింట్ అవుట్', 'టర్న్ అవుట్' రెండో జట్టు. నిజం బయటపడింది అని మనం అనడం లేదా? సూసన్ లిండ్నర్ 1981లో 'అప్', 'అవుట్' ఈ రెండింటి మీదే ఒక పరిశోధన గ్రంథం రాసి ఇలాంటి కొమ్మలూ రెమ్మలూ విడదీసి చూపించింది. నలభై ఏళ్ళు దాటినా ఆ పని తాలూకు వెలుగు మన గైడ్లలోకి రాలేదు.

లొంగని కూర్పులు కొన్ని ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయితే లొంగనివిగా చూపించేవాటిలో కూడా చాలావరకు కాస్త తవ్వితే దారి దొరుకుతుంది. 'గివ్ అప్'కు కోటను శత్రువుకు అప్పగించడమనే అర్థం ఉంది. చేతిలో ఉన్నదాన్ని అవతలివాడికి వదిలేయడం నుంచి ప్రయత్నాన్ని వదిలేయడం దాకా ఎంతో దూరం లేదు. ఇంతా చేసి మిగిలేవి కొన్నే. ఆ కొన్నిటిని చూపించి అన్నిటికీ క్రమం లేదనడం న్యాయం కాదు.

ఇంకొక సాక్ష్యం మన తప్పుల్లోనే ఉంది. మన దేశంలో 'కోప్ విత్' అనకుండా 'కోప్ అప్ విత్' అంటారు. ఇది తప్పని అందరూ దిద్దుతారు, ఎందుకు వస్తోందని అడిగేవాళ్ళు లేరు. 'కీప్ అప్ విత్', 'క్యాచ్ అప్ విత్', 'పుట్ అప్ విత్' విన్న చెవి, ఆ వరసలోనే 'కోప్' పక్కన కూడా 'అప్' పెట్టుకుంది. అంటే నేర్చుకునేవాడి బుర్ర తనంతట తాను క్రమం కోసం వెతుకుతోంది. వెతికే బుర్రకు సరైన క్రమం చూపించకుండా, అసలు క్రమమే లేదని చెబితే అది తనకు దొరికిన వరసను పట్టుకుంటుంది. ఈ తప్పుకు బాధ్యత విద్యార్థిది కాదు, అలా నేర్పినవాళ్ళది.

2. "జాబితా ఎంత పెద్దదైతే అంత మేలు"

మార్కెట్లో దొరికే పుస్తకాల మీద ఐదువందలు, వెయ్యి అన్న అంకెలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ అంకెలకు అర్థం లేదని చెప్పే లెక్క ఒకటి ఉంది. డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు పది కోట్ల మాటలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను జల్లెడ పట్టి 2007లో ఫలితం ప్రకటించారు. అందులోని ఫ్రేజల్ వెర్బుల వాడుకలో సగానికి పైగా కేవలం 20 క్రియలు, 8 చిన్న మాటల కలయికలోంచే వస్తున్నాయి. గో, కమ్, టేక్, గెట్ లాంటి, ఆరో తరగతి పిల్లకు తెలిసిన క్రియలే అవి. 2015లో మెలోడీ గార్నియర్, నార్బర్ట్ ష్మిట్ ఇంకో అడుగు వేసి, తరచుగా వాడే 150 ఫ్రేజల్ వెర్బులను ఎంచి, ఒక్కొక్కదానికి నిజంగా వాడుకలో ఉన్న అర్థాలేవో లెక్క తీశారు. సగటున రెండు తేలాయి. నిఘంటువులో పదేసి అర్థాలు కనిపించే మాటలకు కూడా రోజువారీ వాడుక ఒకటి రెండు అర్థాల చుట్టూనే తిరుగుతోంది.

ఈ లెక్క పక్కన మన జాబితాను పెట్టి చూడండి. అది అక్షర క్రమంలో ఉంటుంది. మొదటి పేజీలో 'అబైడ్ బై', 'అకౌంట్ ఫర్', 'యాక్ట్ అపాన్' ఉంటాయి. 'వర్క్ అవుట్' చివరి పేజీలో ఉంటుంది. మొదటి వారం ఉత్సాహంగా కూర్చున్న కుర్రాడు తన జీవితంలో పెద్దగా అక్కరకు రాని 'అబైడ్ బై' నేర్చుకుని, రోజూ కావలసిన 'వర్క్ అవుట్' దగ్గరికి చేరకముందే పుస్తకం మూసేస్తాడు. ఇది చాలదన్నట్టు 'కమ్ అక్రాస్', 'కమ్ బై', 'కమ్ ఆఫ్', 'కమ్ అప్ విత్' ఒకే పేజీలో వరసగా నిలబెడతారు. ఒకే పోలికతో ఉన్నవాటిని ఒకేసారి నూరిపోస్తే ఒకదాని అర్థం ఇంకొకదాని మీద పడుతుంది. పరీక్ష హాల్లో నాలుగు ఆప్షన్ల ముందు విద్యార్థి తికమక పడేది సరిగ్గా ఈ పేజీ దగ్గరే.

ఐఈఎల్‌టీఎస్ శిక్షణలో ఇదే రోగం ఇంకో రూపంలో ఉంది. స్పీకింగ్ పరీక్షలో ఎక్కువ ఫ్రేజల్ వెర్బులు కుక్కితే బ్యాండు పెరుగుతుందని చెబుతారు. పరీక్ష పెట్టేవాళ్ళు బయటపెట్టిన కొలమానం చదివితే అక్కడ నుడికారం తెలిసిన పదజాలం కావాలని ఉంది, నిజమే. దాని పక్కనే ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో, ఏ మాట ఏ సందర్భానికి తగునో తెలిసి ఉండాలని కూడా ఉంది. మనవాళ్ళు మొదటిది చదివి రెండోది వదిలేశారు. బట్టీ జాబితా ఇవ్వలేనిది ఆ రెండోదే.

3. "ప్రతిదానికీ ఒక సమానమైన మాట ఉంది"

నాలుగింటిలో ఎక్కువ హాని చేస్తున్నది ఇది. 'పుట్ ఆఫ్' అంటే 'పోస్ట్‌పోన్', అంటే వాయిదా వేయడం. గైడులో అంతే ఉంటుంది. మరి 'ది స్మెల్ పుట్ మి ఆఫ్' అని ఎవరైనా అంటే? వాసన నన్ను వాయిదా వేసిందా? ఆ వాసనకు నాకు వెగటు పుట్టి వెనక్కి తగ్గానని దాని అర్థం. రెండు చోట్లా 'ఆఫ్' చేస్తున్న పని ఒకటే, దూరం జరపడం. మీటింగును ఈ రోజు నుంచి దూరం జరిపారు, వాసన నన్ను తిండి నుంచి దూరం జరిపింది. 'ఆఫ్'ను పట్టుకున్నవాడికి రెండూ అందుతాయి. 'పోస్ట్‌పోన్'ను పట్టుకున్నవాడికి ఒక్కటే అందుతుంది, అదీ సగమే.

సగమే అని ఎందుకంటున్నానంటే, అర్థం తెలిసినంత మాత్రాన వాక్యం రాదు. మన తెలుగువాళ్ళ నోట తరచుగా వినే వాక్యం ఒకటి తీసుకుందాం: 'ఐ పిక్డ్ అప్ హిమ్ ఫ్రమ్ ది స్టేషన్.' చెప్పినవాడికి 'పిక్ అప్' అర్థం తెలుసు, కాలం సరిగ్గా ఉంది, అయినా వాక్యం తప్పు. 'ఐ పిక్డ్ హిమ్ అప్' అనాలి. అదే మనిషి పేరైతేనో, 'మై బ్రదర్' అనో అయితే ముందైనా పెట్టొచ్చు, వెనకైనా పెట్టొచ్చు. 'హిమ్', 'ఇట్', 'దెమ్' లాంటి సర్వనామాలైతే మాత్రం మధ్యలోకే రావాలి. దీనికీ కారణం ఉంది. ఇంగ్లిష్ వాక్యంలో కొత్త సంగతి, బరువైన సంగతి చివర నిలుస్తుంది. 'హిమ్' అన్నామంటే ఎవరో ముందే తెలుసు, కాబట్టి అది మధ్యలో ఇమిడిపోతుంది. కర్మ పొడుగ్గా ఉంటే, అంటే 'పోయిన వారం కంపెనీ ఇచ్చిన ఆఫరు' అన్నంత పొడుగుంటే, అది చివరికి జరుగుతుంది. అలాంటి ఆఫరును కాదన్నామని చెప్పేటప్పుడు 'టర్న్ డౌన్' విడిపోకుండా ముందే వచ్చేస్తుంది.

తెలుగువాడికి ఈ తప్పు ఎందుకు వస్తుందో కూడా చూడాలి. 'ఎక్కించుకున్నాను' మనకు ఒకే ముద్ద, అందులో 'అతన్ని' దూర్చే వీలు లేదు. జాబితా కూడా 'పిక్ అప్'ను అలాంటి ముద్దగానే అచ్చువేసి ఇచ్చింది. అలవాటూ జాబితా రెండూ ఒకే వైపు తోస్తున్నాయి, మరి తప్పు రాకుండా ఎలా ఉంటుంది? ఇక 'లుక్ ఎట్', 'ఆస్క్ ఫర్', 'వెయిట్ ఫర్' లాంటివి విడగొట్టడానికి లేదు. 'పుట్ అప్ విత్' లాంటి మూడు మాటల కూర్పులూ అంతే. విడిపోయేవేవో, విడిపోనివేవో చెవికి తెలిసే ఆనవాలు ఒకటుంది. 'టర్న్ ఇట్ ఆఫ్' అన్నప్పుడు గొంతు 'ఆఫ్' మీద ఒత్తుతుంది. 'లుక్ ఎట్ ఇట్' అన్నప్పుడు 'ఎట్' మీద ఒత్తు ఉండదు. చాలావరకు పనిచేసే ఈ గుర్తును చెప్పిన గైడు నా కంటపడలేదు. చెప్పాలంటే పలికి చూపించాలి, కాగితం మీది జాబితాకు ఆ వీలు లేదు.

'లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు' అని ఈమెయిల్ చివర రాసే తప్పు కూడా ఈ తానులోదే. ఆ 'టు' క్రియ ముందు వచ్చే 'టు' కాదు, నామవాచకం ముందు వచ్చేది. అందుకే 'మీటింగ్ యు' కావాలి. జాబితాలో 'ఎదురుచూడటం' అని అర్థం రాసి ఊరుకుంటే ఈ సంగతి ఎవరు చెబుతారు?

అర్థాన్ని ఒక్క మాటకు కుదించడం వల్ల జరిగే నష్టం తరగతి గది దాటి బయటికి కూడా వచ్చింది. బ్యాంకులు పెద్ద బాకీలను 'రైటాఫ్' చేశాయన్న వార్త వచ్చినప్పుడల్లా 'రుణమాఫీ' అన్న మాట చర్చల్లోకి వస్తుంది. 'రైట్ ఆఫ్'కు ఎదురుగా 'రద్దు చేయు' అని రాసుకున్న బుర్రకు రెండూ ఒకటే. కానీ ఒకటి కాదు. రాని బాకీకి బ్యాంకు తన రాబడిలోంచి పూర్తి కేటాయింపు చేసి, దాన్ని ఆస్తుల పట్టికలోంచి తీసేయడం రైటాఫ్. అప్పు తీసుకున్నవాడి మీద బాధ్యత అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నాలూ కేసులూ ఆగవు. బాధ్యతే పోయేది మాఫీలో. కేంద్ర ఆర్థిక శాఖ ఈ తేడాను పార్లమెంటులో ఎన్నోసార్లు వివరించాల్సి వచ్చింది. రైటాఫ్‌లను గట్టిగా విమర్శించవచ్చు. తీసేసిన బాకీల్లో ఎంత వసూలైందని నిలదీయాల్సిందే. కానీ సరైన ప్రశ్న అడగాలంటే ముందు మాట సరిగ్గా అర్థం కావాలి. లెక్కల పుస్తకంలోంచి 'ఆఫ్' అయిందా, మనిషి నెత్తి మీంచి 'ఆఫ్' అయిందా అన్నది కోట్ల రూపాయల ప్రశ్న.

ఈ కుదింపు వల్ల అంతిమంగా జరిగేది తప్పించుకోవడం. ఫ్రేజల్ వెర్బు అంటే భయం ఉన్నవాడు దాని జోలికి పోకుండా ఒక్క మాటతో సరిపెట్టుకుంటాడు. డాగట్, లౌఫర్ 1985లో హీబ్రూ మాతృభాషగా ఉన్న విద్యార్థుల్లో దీన్ని చూశారు. ఫ్రేజల్ వెర్బు సహజంగా రావాల్సిన చోట కూడా వాళ్ళు ఒక్క మాట క్రియనే ఎంచుకున్నారు. హీబ్రూలో ఇలాంటి కూర్పులు లేవు. ఉన్న స్వీడిష్ వాళ్ళలో ఆ తప్పించుకోవడం కనపడలేదని 1993లో లౌఫర్, ఎలియాసన్ చూపించారు. మన భాషలో క్రియను క్రియతో, నామాన్ని క్రియతో కలిపి అర్థం మలిచే సంపద బోలెడంత ఉంది. ఆ వంతెన మీదుగా నడిపిస్తే మన పిల్లలు భయపడాల్సిన అవసరమే లేదు. మనం వంతెన చూపించడం మానేసి భయం నేర్పుతున్నాం.

4. "ఇవి రాతకు పనికిరావు"

దీనికి ఎక్కువ చోటు అక్కర్లేదు. కంపెనీని మూసేయడానికి మన కంపెనీల చట్టం వాడే మాట 'వైండింగ్ అప్'. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 'లేఆఫ్', 'లాకౌట్' రెండింటికీ నిర్వచనం రాసింది. కింది కోర్టు తీర్పును పై కోర్టు కొట్టేస్తే 'సెట్ అసైడ్' చేసిందంటారు, చట్టాన్ని కొట్టేస్తే 'స్ట్రక్ డౌన్' అంటారు. పరిశోధన వ్యాసాల్లో 'క్యారీ అవుట్', 'పాయింట్ అవుట్' లేని పేజీ వెతుక్కోవాలి. చట్టాలకూ తీర్పులకూ పనికొచ్చిన మాటలు సెలవు చీటీకి పనికిరాకుండా పోతాయా? రాతలో కంటే మాటలో, కథల్లో ఫ్రేజల్ వెర్బులు ఎక్కువన్నది నిజం. ఎక్కువ తక్కువల సంగతిని తగును తగదుగా మార్చడం అబద్ధం.

ఈ అబద్ధం వల్ల నష్టపోయేది ఎవరో చెబుతాను. గుంటూరులోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చదివి బ్రిటన్ ఆసుపత్రికి వెళ్ళిన డాక్టరుకు వాంతి, స్పృహ తప్పడం, వాపు తగ్గడం, ఇవన్నీ పుస్తకంలోని ఇంగ్లిష్‌లో బాగా తెలుసు. ఎదురుగా కూర్చున్న ముసలావిడ పుస్తకం భాష మాట్లాడదు. రాత్రి 'త్రూ అప్' చేశానంటుంది, బాత్రూములో 'పాస్డ్ అవుట్' అంటుంది, మందు పనితనం 'వేర్ ఆఫ్' అయిందంటుంది, వాపు 'వెంట్ డౌన్' కానీ మళ్ళీ 'ఫ్లేర్ అప్' అయిందంటుంది. ఒంట్లో బాగాలేని మనిషి నోట ఇంటి మాటలే వస్తాయి. ఆ మాటలు తక్కువ రకంవని నేర్పినవాళ్ళు ఆ డాక్టరుకూ ఆ రోగికీ అన్యాయం చేశారు.

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న మన పిల్లలకూ ఇదే పరిస్థితి. మేనేజరు 'హోల్డ్ ఆన్' అంటే ఒక్క నిమిషం ఆగమని. 'హోల్డ్ ఆఫ్ ఆన్ ది రిలీజ్' అంటే విడుదల ప్రస్తుతానికి ఆపమని. 'వాట్ ఈజ్ హోల్డింగ్ అప్ ది రిలీజ్' అంటే దేనివల్ల ఆలస్యమవుతోందని. మూడూ ఒకే మీటింగులో వస్తాయి. 'హోల్డ్ అంటే పట్టుకోవడం' దగ్గర ఆగిపోయినవాడికి ఆ మీటింగు అర్థం కాదు, అడగడానికి మొహమాటం. 'పాసవుట్' విషయంలో మాత్రం మనవాళ్ళను వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను. సైనిక, పోలీసు అకాడమీల 'పాసింగ్ అవుట్ పరేడ్' నుంచి చూసినా చదువు ముగించి బయటికి రావడమనే అర్థం దర్జాగా నిలబడుతుంది, మన దేశంలో అది అందరికీ తెలిసిన మాట. అమెరికా ఇంటర్వ్యూలో మాత్రం దాన్ని 'గ్రాడ్యుయేటెడ్'గా మార్చుకోవాలి, ఎందుకంటే అక్కడ విన్నవాడికి కళ్ళు తిరిగి పడిపోవడం గుర్తొస్తుంది. ఏ మాట ఎక్కడ ఎవరితో అన్నది కూడా అర్థంలో భాగమే. దాన్ని జాబితాలో ఏ గడిలో రాస్తారు?

రాసే భాష పెద్దది, మాట్లాడే భాష చిన్నది అన్న చూపుతో మనకు చాలా పాత పరిచయం ఉంది. గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోరాడింది ఆ చూపు మీదే. తెలుగులో ఓడిపోయిన ఆ చూపు ఇంగ్లిష్ తరగతి గదిలో ఇంకా కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దున్నే లేచాను అనడానికి 'గాట్ అప్' ఉండగా పిల్లల చేత 'అరోజ్' రాయించడం, 'జాగృతుడనైతిని' అని చెప్పించడం లాంటిదే.

మరి ఎలా నేర్పాలి? క్రియ పేరు మీద కాదు, చిన్న మాట పేరు మీద నేర్పాలి. ఒక వారం 'ఆఫ్' ఒక్కటే తీసుకోండి. 'టేక్ ఆఫ్', 'కట్ ఆఫ్', 'టర్న్ ఆఫ్', 'పుట్ ఆఫ్', 'కాల్ ఆఫ్', 'లే ఆఫ్', 'వేర్ ఆఫ్'. అన్నిటిలోనూ ఏదో ఒకటి దేన్నుంచో వేరవుతోంది, లేదా ఆగిపోతోంది. పిల్లల చేతనే చెప్పించండి, వాళ్ళు చెబుతారు. ప్రతిదాన్నీ పూర్తి వాక్యంలోనే ఇవ్వండి, విడిగా ఇవ్వొద్దు. ఆ వాక్యంలో ఒకసారి పేరు పెట్టి, ఒకసారి 'ఇట్' పెట్టి పైకి చదివించండి. 'టర్న్ ఆఫ్ ది ఫ్యాన్. టర్న్ ది ఫ్యాన్ ఆఫ్. టర్న్ ఇట్ ఆఫ్.' నాలుగో వాక్యం లేదని కూడా చెప్పండి. నూటయాభై చాలు, అవి బాగా వస్తే మిగతావి చదువులోనూ సినిమాల్లోనూ ఎదురవుతాయి, క్రమం తెలిసినవాడు వాటిని పోల్చుకుంటాడు. లొంగని కొన్నిటిని అప్పుడు కంఠతా పట్టించండి, నాకు అభ్యంతరం లేదు.

ఇదంతా తెలిసినా టీచర్లు చేయలేకపోవడానికి ఒక కారణం ప్రశ్నపత్రం. 'పుట్ ఆఫ్'కు అర్థం ఏది అని నాలుగు ఆప్షన్లు ఇచ్చే ప్రశ్న ఉన్నంతకాలం జాబితాయే పాఠమవుతుంది. కాబట్టి పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళకూ, ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్ళకూ ఒక విన్నపం. ఆ ప్రశ్న తీసేయండి. 'ది మీటింగ్' బదులు 'ఇట్' పెట్టి వాక్యం తిరిగి రాయమనండి. ఇద్దరు మనుషుల సంభాషణ ఇచ్చి ఖాళీలో 'ఆఫ్' రావాలో 'అప్' రావాలో, ఎందుకో అడగండి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, కొత్త పుస్తకాల కోసం ఆగక్కర్లేదు. వచ్చే పరీక్షకే మార్చవచ్చు.